దుబారా మాసం

మేము కరెంటు పొదుపు చేయడం లేదని మండలి వారు మాకు నోటీసు పంపించారు.

అది వచ్చేసరికి మా ఇంట్లో లైటు వెలగడం లేదు. ఫాను తిరగడం లేదు. నేను వీధరుగు మీద కూర్చుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, దేవుడిచ్చిన ఎండ వెలుతుర్లో దాన్ని చదువుకున్నాను.

"గృహ విద్యుత్ పొదుపు మండలి వారి పరిశీలనలో తేలినదేమనగా, సదరు వినియోగదారు గత సంవత్సరముతో పోల్చి చూడగా ఈ సంవత్సరము ఒక్క యూనిట్టయినను తగ్గించియుండలేదు. జాతీయ ప్రాముఖ్యము గల విషయమున ఇంతటి నిర్లక్ష్యము వహించినందున సదరు గృహమును వృథా వర్గమునందు చేర్చడమైనది. తగు సంజాయిషీ ఇవ్వని యెడల గృహమునందు మోటారుతో నడుచు ఉపకరణమునకు సీలు వేయబడును."

మా ఇంట్లో మోటారుతో నడుచు ఉపకరణం అంటే గ్రైండరు. నేను గుమాస్తాగా పనిచేసిన రైసుమిల్లు మూతపడ్డాక మా ఆవిడ నూకరత్నం ఆ గ్రైండరు మీద ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. నేను దాన్ని సైకిలు మీద మిల్లుగేటు కాలనీ అంతా తిప్పి ఇచ్చి వస్తాను. మా ఇంట్లో సంపాదించేది గ్రైండరు, కష్టపడేది రత్నం, తొక్కేది నేను. దానికి సీలు వేస్తే మా పొయ్యికి వేసినట్టే.

నన్ను మండించిన సంగతి అది కూడా కాదు. నూకరత్నాన్ని పట్టుకుని దుబారా మనిషి అన్నారే, అది. నేను గదిలోంచి గడప దాటేలోగా ఫాను ఆపేస్తుంది. ఒక్కోసారి నేను మంచం మీద ఉండగానే ఆపేస్తుంది. అదేమిటే అంటే, "ఎలాగా లేస్తారు గదా అని" అంటుంది. ఏం కావాలో ముందు అనుకుని, దండకంలా ఒకసారి చదువుకుని, ఆ తర్వాతే ఫ్రిజ్ తలుపు తీస్తుంది. ఇస్త్రీ మా పరుపు కిందే జరుగుతుంది. పప్పు బాగా నానితే గ్రైండరు తొందరగా నలుపుతుందని ఒక పూట ముందే నానేస్తుంది. టీవీ సీరియలు పక్కవాళ్ళ కిటికీలోంచి వింటుంది. చూడకపోయినా కథ తెలుస్తోంది కదా అంటుంది.

ఆ నోటీసు వచ్చిన రోజే ఎదురింటి కాంట్రాక్టరు బుల్లబ్బాయి గారికి మండలి వారు "ఇంధన రత్న" ఇచ్చారు. ఆయన ఇంట్లో ప్రతి గదికీ ఏసీ ఉంది. దేవుడి గదికీ ఉంది. కారు షెడ్డులో కూడా ఒకటి ఉండేది. మండలి వారి పిలుపు అందుకుని ఆ షెడ్డులోది ఆపేశారు. ఒక్కసారిగా అంత కరెంటు తగ్గించిన గృహస్థు జిల్లాలో ఇంకొకరు లేరట. శాలువా కప్పి, ఫోటో తీసి, గుమ్మానికి బోర్డు కొట్టి వెళ్ళారు.

మర్నాడు నోటీసు పట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్ళాను. బయట పట్టపగలు. లోపల దీపావళి. ఉపసహాయ పొదుపు సంచాలకులు శ్రీ పరబ్రహ్మం గారు ఏసీ చలికి స్వెట్టరు వేసుకుని, ఆ స్వెట్టరు వేడికి టేబులు ఫాను పెట్టుకుని కూర్చున్నారు.

"అయ్యా, మా కాలనీలో అందరికంటే తక్కువ బిల్లు మాదేనండి" అన్నాను.

"తక్కువ అన్నది వేరు, తగ్గింపు అన్నది వేరు" అన్నారు పరబ్రహ్మం గారు. "మీరు తక్కువ వాడుచున్నారు. కాని తగ్గించుట లేదు. మండలికి కావలసినది తగ్గింపు."

"మాకు తగ్గించడానికేం లేదండి. ముందునుంచీ ఇంతే."

"అదే మీ లోపం. మీరు ముందునుంచీ పొదుపుకు అవకాశమే లేకుండా చేసుకున్నారు. కూల్చడానికి ఏదైనా ముందు కట్టి ఉండాలి కదా. ఎదురింటివారిని చూడండి. ఎంత ముందుచూపుతో అన్ని ఏసీలు పెట్టించుకున్నారు. ఇంకా పదేళ్ళపాటు ఆయన ఏటా ఒకటి చొప్పున ఆపుకుంటూ పోగలరు. మీరేం ఆపగలరు?"

నిజమే. మేము ఆపగలిగింది గ్రైండరొక్కటే.

"అది ఆపితే మేం పస్తులేనండి" అన్నాను.

పరబ్రహ్మం గారు మంచివారే. టేబులు ఫానుని కాస్త నా వైపు తిప్పారు. "మీ పరిస్థితి మానవతా దృక్పథంతో పరిశీలించి, వచ్చే నెలను మీకు ప్రత్యేక ఆధార మాసంగా మంజూరు చేస్తున్నాను. ఆ మాసంలో మీరు ఎంత వాడితే అంత మీ పునాది. ఆ పై మాసం ఎంత తగ్గిస్తే అంత మీ పొదుపు. కనుక ఇంటికి వెళ్ళి, నెల రోజులు కష్టపడి, చిత్తశుద్ధితో దుబారా చేయండి."

ఇంటికొచ్చి చెబితే నూకరత్నం పప్పు కడుగుతున్న చేత్తోనే నిలబడిపోయింది.

"ఆయనకి ఒంట్లో బాగానే ఉందాండి?" అని అడిగింది.

"స్వెట్టరు వేసుకున్నారు. ఏమో మరి."

"తగలెయ్యకపోతే గ్రైండరు ఎత్తుకుపోతారా?"

"సీలేస్తారట."

ఆవిడ వెళ్ళి వసారాలో లైటు వేసి వచ్చింది. మిట్టమధ్యాహ్నం అది వెలుగుతుంటే, ఇంట్లో ఎవరో పోయినట్టు దాని వంకే చూస్తూ కూర్చుంది. నేను పిండి పాకెట్లు సైకిలుకి కట్టుకుని వెనక్కి తిరిగి చూసేసరికి ఆర్పేసింది.

ఈ ఆధార మాసం సంగతి పిండితోపాటు నేనే కాలనీ అంతా పంచాను. తీరా చూస్తే సగం ఇళ్ళకి మాలాంటి నోటీసులే వచ్చాయి. మిగతా సగానికి ఇంధన రత్న కావాలి. అందరూ కలిసి పరబ్రహ్మం గారి దగ్గరికి వెళితే ఆయన సంతోషించి, కాలనీ మొత్తానికి ఆధార మాసం ప్రకటించారు. దుబారాలో మెళకువలు నేర్పడానికి, అనుభవజ్ఞులు కనుక, బుల్లబ్బాయి గారిని గౌరవ శిక్షకులుగా నియమించారు.

బుల్లబ్బాయి గారు తెల్లచొక్కా వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. మా ఇంటికొచ్చి ఉన్న స్విచ్చులన్నీ తనే వేశారు. రెండు లైట్లు, రెండు ఫాన్లు, ఫ్రిజ్, గ్రైండరు. ఇంకో గదుందేమోనని పెరట్లోకి కూడా తొంగిచూశారు.

"ఇంతేనాండి?"

"ఇంతేనండి."

"ఎలా బతుకుతున్నారండి బాబూ మీరు?" అన్నారాయన, నిజంగా జాలిపడి. మర్నాడు వాళ్ళ పాత గీజరొకటి, పాత ఇస్త్రీ పెట్టొకటి పంపించారు. ఇంట్లో వాళ్ళ బట్టలకే కాక పాత చీరలకి, గుడ్డ సంచులకి, చేతిరుమాళ్ళకి, వీలైతే మసిగుడ్డలకి కూడా ఇస్త్రీ చేయమన్నారు. గీజరులో నీళ్ళు మరగబెట్టి, ఆ మరిగిన నీళ్ళని ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చమన్నారు. ఒక్క దెబ్బకి రెండూ పనిచేస్తాయట. ఖాళీ గ్రైండరు కూడా పగలంతా తిప్పమన్నారు గానీ, నూకరత్నం దానికి అడ్డంగా నిలబడింది.

"రాళ్ళరిగిపోతాయండి. అది మాత్రం కుదరదు."

"నీళ్ళు పోసి తిప్పమ్మా."

"నీళ్ళు రుబ్బడానికి నాకేమైనా పిచ్చాండి?"

బుల్లబ్బాయి గారు మా పేరు పక్కన "సహకారం అంతంత మాత్రం" అని రాసుకున్నారు. దాంతో పరబ్రహ్మం గారు మాకు దుబారా వేళలు నిర్ణయించారు. ఆ వేళల్లో నూకరత్నం ఇంట్లో ఉండకూడదు. ఉంటే ఒకవైపు నేను వేసుకుంటూ వస్తే, ఇంకోవైపు ఆవిడ ఆర్పుకుంటూ వస్తోంది. అందుకని ఆవిడ వీధరుగు మీద కూర్చునేది. లోపల ఎవ్వరూ లేని గదుల్లో ఫాన్లు తిరుగుతుండేవి. మీటరు పెట్టె అరుగు పక్కనే ఉంది. ఒకరోజు నేను పిండి ఇచ్చి వచ్చేసరికి దాని వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

"అన్నం వండి డ్రైనులో పారబోస్తున్నట్టుందండి" అంది. కానీ ఏం చేయను. గ్రైండరు దక్కాలంటే నెల గడవాలి.

మిగతా కాలనీకి ఇలాంటి బాధేమీ లేదు. పోటీ పెరిగిపోయింది. మేష్టారు గారింట్లో పెద్ద ఫాను కిటికీలో పెట్టి వీధిలోకి గాలి తోలారు. ఆర్టీసీలో చేసి రిటైరైన వెంకటస్వామి గారు ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, దాని ముందు మడతకుర్చీ వేసుకుని పేపరు చదవసాగారు. పెళ్ళి లేని ఇళ్ళకి కూడా పెళ్ళి లైట్లు కట్టారు. పగలు వెలిగేవి కనపడవని కొందరు బెంగపడితే, కనపడక్కర్లేదు, కాలితే చాలని బుల్లబ్బాయి గారు ధైర్యం చెప్పారు. పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళు కలిస్తే, "వదినా, మీదెంత తిరిగింది?" అని మీటర్ల గురించే మాట్లాడుకునేవారు. మాది అందరికంటే వెనకబడి ఉంది. నాకే సిగ్గేసింది.

వీధి చివరున్న ట్రాన్స్‌ఫార్మరు వారం నుంచీ మూలుగుతోంది. లైన్‌మన్ వచ్చి చూసి, "దీనికి ఆయాసమొస్తందండి, తగ్గించండి" అన్నాడు. తగ్గించేది వచ్చే నెల అని అందరూ ముక్తకంఠంతో చెప్పారు. ఆధార మాసం ఇంక రేపటితో పూర్తవుతుందనగా, మిట్టమధ్యాహ్నం, ఊరు ఊరంతా వినపడేటట్టు అది పేలింది. నల్లటి పొగ వచ్చింది. కాలనీలో ఫాన్లన్నీ నెమ్మదిగా ఆగిపోయాయి. ఎన్నాళ్ళకో నిశ్శబ్దం వినపడింది. అరుగు మీదున్న నూకరత్నం ముఖంలో మొదటిసారి కాస్త కళ వచ్చింది.

ఆ కళ రెండో రోజుకి పోయింది. కరెంటు రాలేదు. నానేసిన పప్పు పులిసిపోయింది. ఒకటో తారీకున పరబ్రహ్మం గారు జీపు దిగగానే మేమంతా చుట్టుముట్టాం. ఆయన మమ్మల్ని చూడలేదు. ఒక్కో మీటరు దగ్గరా ఆగి, వంగి, చెవి ఆనించి విన్నారు. ఏ మీటరూ కదలడం లేదు. చివరి ఇంటి దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సున్నా" అన్నారు. "గత మాసం జిల్లాలోకెల్లా అత్యధికం. ఈ మాసం సున్నా. నూటికి నూరు శాతం తగ్గింపు. నా సర్వీసులో ఇటువంటిది చూడలేదు."

"కొత్తది ఎప్పుడేస్తారండి?" అని అడిగాను.

"ఏది?"

"ట్రాన్స్‌ఫార్మరండి."

"వేసినచో ఏమగును?"

"కరెంటొస్తుందండి."

"వచ్చినచో మీరేం చేస్తారు?"

"వాడుకుంటామండి."

"చూశారా" అన్నారాయన బాధగా. "నూరు శాతం సాధించిన కాలనీలో ఒక్క బల్బు వెలిగినా ఆ శాతం భగ్నమవుతుంది. ఇప్పటికే పై అధికారులకు తంతి రీత్యా తెలియపరచి ఉన్నాను. పొదుపు స్థితికి భంగం కలిగించు ఏ మరమ్మతునూ ఏడాది పాటు అనుమతించుట సాధ్యము కాదు."

తంతి ఎప్పుడో ఎత్తేశారని ఆయనకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆ తర్వాత మా కాలనీకి పేరొచ్చింది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ తాడు కట్టి, పూలకుండీలు పెట్టి, మండలి వారు బోర్డు నాటారు. ఇతర జిల్లాల సంచాలకులు జీపుల్లో వచ్చి చూసి వెళ్ళసాగారు. ఒకాయన దాని చుట్టూ తిరిగి, "మా వద్ద ఎంత ప్రయత్నించినా పేలుట లేదు, ప్రత్యేక పద్ధతి ఏదైనా అవలంబించారా?" అని ఆసక్తిగా అడిగి రాసుకున్నాడు. బుల్లబ్బాయి గారు ఇంట్లో జనరేటరు పెట్టించుకుని, అది మీటరు ఎక్కదు కనుక, ఇంధన రత్న నిలబెట్టుకున్నారు.

మా గ్రైండరుకి సీలు వేయబోమని కూడా కాగితం వచ్చింది. ఇకపై దానిని ఏ వేళనైనను, ఎంత సేపైనను నిరభ్యంతరముగా నడుపుకొనవచ్చునని అందులో రాసి ఉంది. కింద పరబ్రహ్మం గారి సంతకం ఉంది. నూకరత్నం ఆ కాగితం గ్రైండరు మీద పరిచి, దాని మీద గుడ్డ కప్పి, పెరట్లో బోర్లించి ఉన్న రుబ్బురోలు కడుక్కుంది.

ఇరవై ఇళ్ళకి సరిపడే పిండి చేత్తో రుబ్బడం మాటలు కాదు. నేను కూడా పొత్రం పట్టాను. గంటసేపటికి నా భుజం పడిపోయింది. ఆవిడ అరచేతులు బొబ్బలెక్కి, చితికి, మళ్ళీ బొబ్బలెక్కాయి. పిండి కొనే ఖాతాలు ఒకటొకటే జారిపోయాయి. ఆ చేతులు చూస్తుంటే నాకు పరబ్రహ్మం గారి మీద ఎంత కోపం వచ్చేదంటే, ఆయనకి అట్టు వేసి పెట్టే అవకాశం వస్తే కారం ఎంత వేస్తానో కూడా అనుకునేవాడిని. ఆవిడకి మాత్రం కోపం లేదు. "కరెంటు లేకపోతే ఎక్కణ్ణించి తెస్తాడండి పాపం" అనేది. ఉండీ ఇవ్వడం లేదని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేకపోయింది.

అప్పుడు మండలి వారు మాకు సన్మాన సభ పెట్టారు.

రామాలయం పక్క ఖాళీ స్థలంలో షామియానా వేశారు. పెద్ద జనరేటరొకటి లారీ మీద తెచ్చారు. స్టేజీ నిండా లైట్లు, పెద్దల కోసం కూలర్లు, నాలుగు మూలలా మైకులు. మా కాలనీలో అన్నాళ్ళకి వెలుగు వచ్చింది. మొదటి శాలువా నూకరత్నానికి. "ఒకప్పుడు వృథా వర్గంలో ఉండి, మండలి వారి మార్గదర్శనంలో నూరు శాతానికి ఎదిగిన ఆదర్శ గృహిణి" అని చదివారు. ఆవిడ శాలువా కప్పించుకుంటూ స్టేజీ వెనక్కి చూసింది. అక్కడ నేల మీద ఒక ఎక్స్‌టెన్షను బోర్డుంది. రెండు ప్లగ్గులు ఖాళీగా ఉన్నాయి.

కిందకి దిగి నా దగ్గరికి వచ్చి, "ఆ మండలి ఆయన ఎంతసేపు మాట్లాడతాడంటారు?" అని అడిగింది.

"మొదలెడితే ఆపేవాడు పుట్టలేదు."

"పదండి అయితే."

వెంకటస్వామి గారు ఒక చెయ్యి వేస్తే గ్రైండరు మోసుకొచ్చాం. సాయంత్రం రోట్లో వేయడానికి నానబెట్టుకున్న పప్పు బిందెతో సహా ఆవిడ తెచ్చింది. పరబ్రహ్మం గారు స్టేజీ ముందు భాగంలో నిలబడి పొదుపు చరిత్ర, ప్రాచీన కాలంలో పొదుపు, పొదుపు ఒక జీవన విధానం అని వరసగా చెబుతున్నారు. ఆయన వెనకాల గ్రైండరు గరగర తిరుగుతోంది. మైకులో ఏదో మోత వస్తోందని ఆయన రెండు సార్లు గొంతు పెంచారు. పొదుపు ఒక జీవన విధానం అయ్యేసరికి మినప్పిండి నురుగులా పొంగింది. అది చూసి మిగతా ఆడవాళ్ళు లేచారు. ఇస్త్రీ పెట్టెలు, సెల్‌ఫోన్లు, మిక్సీలు వచ్చాయి. పరబ్రహ్మం గారు వెనక్కి తిరిగి, స్టేజీ వెనక గుమిగూడిన జనాన్ని చూసి, కుర్చీలు చాలలేదనుకుని చలించిపోయారు.

మర్నాడు పొద్దున నేను సైకిలు నిండా పిండి వేసుకుని వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి నూకరత్నం ఆలోచనలో ఉంది.

"ఆయనకి ఈసారి మనమే సన్మానం చేస్తామంటే వస్తాడాండి?"

"వస్తాడు."

"జనరేటరుతోనే వస్తాడా?"

"సన్మానం చీకట్లో చేయించుకోడు కదా."

ఆ వారం నుంచీ మా కాలనీ పరబ్రహ్మం గారిని సన్మానించడం మొదలుపెట్టింది. మొదట సున్నా సాధించినందుకు, తర్వాత సున్నా నిలబెట్టినందుకు, ఆ తర్వాత ఆయన పుట్టినరోజుకి, ఆయన తల్లిగారి పుట్టినరోజుకి. పిండి మూడో రోజుకి పులుస్తుంది కనుక వారానికి రెండుసార్లు. ఆయన ఒక్కసారీ కాదనలేదు. ఇంత అభిమానం తనకు సొంత ఊళ్ళో కూడా దొరకలేదని చెప్పి ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. శాలువా మాత్రం ఒక్కటే. సభ అయ్యాక ఆయన జీపెక్కుతుంటే వెనక నుంచి తీసి దాచేవాళ్ళం. ఖాతాలు తిరిగొచ్చాయి. నూకరత్నం అరచేతులు మానాయి. బస్టాండు దగ్గర హోటలు వాళ్ళు మమ్మల్ని పిలిచి, పండగ పూట ఒక పెద్ద గుండిగ నిండా పిండి ఇవ్వగలరా, బాగుంటే ఏడాదంతా మీ దగ్గరే తీసుకుంటాం అన్నారు. ఇవ్వగలమంది నూకరత్నం. అలాంటి ఖాతా మాకెప్పుడూ దొరకలేదు.

ఆ పండగ ముందు రోజు సభకి పరబ్రహ్మం గారు ఆలస్యంగా వచ్చారు. జలుబు చేసింది. శాలువా కప్పించుకుని, నాలుగు ముక్కలు మాట్లాడి, రెండు సార్లు దగ్గి, "గొంతు సహకరించుట లేదు, సెలవు" అని చేతులు జోడించారు. జనరేటరు అతను స్విచ్చు మీద చెయ్యి వేశాడు. గ్రైండర్లో పప్పు ఇంకా సగం నలగలేదు. ఆగిపోతే ఆ పప్పూ పోయినట్టే, హోటలూ పోయినట్టే.

నూకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుని స్టేజీ ఎక్కింది. ఎన్నడూ పరాయివాళ్ళ ముందు గొంతెత్తని మనిషి, మైకు ముందుకి వెళ్ళి నిలబడింది.

"అయ్యా, తమరు ఇన్నాళ్ళూ చెప్పారు గానీ, కరెంటు ఎందుకు పొదుపు చెయ్యాలో నాకింకా సరిగ్గా బుర్రకెక్కలేదండి" అంది. "దయుంచి మళ్ళీ మొదట్నించీ చెప్పండి."

పరబ్రహ్మం గారు జోడించిన చేతులు దించేశారు. తన జీవితంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదని మైకులోనే అన్నారు. జనరేటరు అతనికి ఉండమని సైగ చేసి, గోరువెచ్చని నీళ్ళు తాగి, "అనాదిగా మానవుడు" అని మొదలుపెట్టారు.

నూకరత్నం వెనక్కి వచ్చి గ్రైండరు దగ్గర కూర్చుంది. కాస్త పిండి తీసి వేళ్ళ మధ్య రుద్ది చూసుకుంది.

"బరగ్గానే ఉంది" అంది నాతో. "చెప్పనీండి."